గుళ్ళో మసాలా సంచి

మా పాలెంలో మనిషికి రెండుసార్లు పేరు పెడతారు. మొదటిసారి జ్ఞానస్నానం రోజున మా చర్చి ఫాదరు, అంటే స్వాములవారు, పెడతారు. రెండోసారి జనం పెడతారు. స్వాములవారు పెట్టిన పేరు పెళ్ళికీ చావుకీ తప్ప బయటికి రాదు. జనం పెట్టింది మాత్రం పొద్దున లేస్తే వినపడుతుంది.

గ్రేసమ్మకి జనం పెట్టిన పేరు బొప్పాయి. అది ఆమెకి పాస్కా పండుగ, అంటే ఈస్టర్ నాడు, పాలెం అంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా పడింది. విభూది బుధవారం మొదలు పాస్కా దాకా నలభై రోజుల తపసు కాలం మేం నీసు ముట్టం. ఆ నలభై రోజులూ గోంగూర, చింతకాయ పచ్చడి, ప్రార్థన. పాస్కా మధ్యాహ్నం గుడి ముందు పందిరి వేసి అందరం కలిసి పొట్టేలు కూరతో భోంచేస్తాం. కాబట్టి ఆ కూర ఉత్త కూర కాదు, నలభై రోజుల ఆకలికి జవాబు. దానికి మసాలా కొని, నూరి, కూర వండించే పూచీ ఏడాదికి ఒక ఇంటి ఇల్లాలిది. పాలెం పెద్ద పున్నయ్య చందా డబ్బులోంచి ఇంత అని తీసి చేతిలో పెడతాడు. అది ఎప్పుడూ చాలదు. చాలదంటే ఆయన తన చిన్నతనంలో ఇందులో సగంతో సరిపెట్టుకున్నాం అంటాడు. ఆయన చిన్నతనం విన్నవాళ్ళు ఎవరూ రెండోసారి డబ్బు అడగరు.

గ్రేసమ్మ తన వంతు వచ్చినప్పుడు పండుగ ముందు రోజు మాచర్ల వెళ్ళింది. చెన్నకేశవులు శెట్టి కొట్టు ముందు జనం తోపులాట. ఇచ్చింది ఇచ్చినట్టు పట్టుకొచ్చింది. ఆ లవంగాలు నూనె పిండేసిన పిప్పి. ఆ మిరియాల్లో సగానికి సగం ఎండబెట్టిన బొప్పాయి గింజలు. పున్నయ్య కూర నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఇది పొట్టేలా, పొట్టేల్ని కట్టేసిన గుంజా?" అన్నాడు.

ఆ సాయంత్రానికి ఆమె బొప్పాయి గ్రేసమ్మ అయిపోయింది. ఆమె, స్వాములవారు లేనప్పుడు గుళ్ళో ప్రార్థన చెప్పించే ఉపదేశి అంతోని భార్య. రోజూ గుడి ఊడ్చేదీ, పీఠం మీద గుడ్డలు ఉతికేదీ ఆమే. అవన్నీ ఎవరికీ గుర్తు లేకుండా పోయాయి.

మరుసటి ఏడు మసాలా వంతు మా ఇంటికి వచ్చింది. అంటే మా తోడికోడలు ఆరోగ్యమ్మకి. నేను చిన్న కోడల్ని, ఫిలోమినాని, నా మెడకి ఇంకా చుట్టుకోలేదు. ఆరోగ్యమ్మ పాముకి భయపడదు, పోలీసుకి భయపడదు, మా బావ బాలశౌరికి అసలే భయపడదు. ఆమెకి ఉన్నదల్లా పేరు భయం. అది ఊరికే రాలేదు. మా మామ ఎప్పుడో కల్లు తాగి గేదె మీద ఎక్కి ఊరేగాడట, గేదె ఆయన్ని తీసుకెళ్ళి వాగులో పడేసిందట. అప్పటినుంచి మా ఇంటి వాళ్ళని గేదెమీదోళ్ళు అన్నారు. ఆరోగ్యమ్మ ఈ ఇంటికి గేదెమీదోళ్ళ కోడలిగానే వచ్చింది. ఆమె పిల్లలు బళ్ళో గేదెమీదోళ్ళ పిల్లలు. మామ పోయాక కూడా ఆ మాట పోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడిప్పుడే జనం మమ్మల్ని పేర్లు పెట్టి పిలవడం నేర్చుకుంటున్నారు.

పున్నయ్య డబ్బు ఇచ్చి వెళ్ళిన రోజున ఆమె పొయ్యి దగ్గర కూర్చుని నాతో అంది.

"ఫిలోమినా, ఈ కూర చెడిందంటే నా ఆడపిల్లలకి ఇంకో పేరు పడతది. నేను ఇంకో పేరు మొయ్యలేనే. ఒకటి మోసి మోసి దించాను."

నవ్వుదామనుకుని ఆమె మొహం చూసి ఊరుకున్నాను. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

ఆరోగ్యమ్మ ఆలోచన ఇది. శెట్టిగారి కొట్లో లక్ష్మీదేవి పటం పక్కన మా గుడి క్యాలెండర్ వేలాడుతుంది. మా పండుగలు మా ఉపదేశి మరిచిపోయినా శెట్టిగారు మరిచిపోరు. పాస్కాకి వారం ముందు మట్టల ఆదివారం వచ్చిందంటే మసాలా ధర పెరుగుతుంది, వెనక గదిలో ముసలి సరుకు ముందుకి వస్తుంది. పైగా నాగార్జునసాగర్ పని మొదలయ్యాక మాచర్ల నిండా కూలీలు, మేస్త్రీలు, ఇంజనీర్లు. దాంతో ధరలకి రెక్కలొచ్చాయి. కొత్త పైసలు వచ్చి అణాలని పైసల్లోకి మార్చే లెక్క కూడా శెట్టిగారికే బాగా కలిసొచ్చింది. అందుకని ఎవరూ కొనని రోజుల్లో కొనాలి. మేము ఎవరమూ మసాలా మొహం చూడని రోజులు తపసు రోజులే.

తపసు రోజుల్లో లవంగాలు కొంటే జనం ఏమనుకుంటారని నేను అడిగాను.

"పండగనాడు తింటారుగా, అప్పుడు అనుకోమను" అంది.

తపసు మధ్యలో ఒక బుధవారం ఇద్దరం బస్సెక్కాం. ఆమె చేతిలో గుడ్డ సంచి, సంచిలో కొన్ని పాత గుడ్డ ముక్కలు, మూత కట్టిన నీళ్ళ చెంబు. దాహానికి కాబోలు అనుకున్నాను. శెట్టిగారు మాలాంటివాళ్ళకి మంచినీళ్ళు పోయాల్సివస్తే ఎత్తునుంచి దోసిట్లో పోసే రకం. ఆయన దయ కన్నా సొంత చెంబు నయం.

కొట్టు ఖాళీగా ఉంది. శెట్టిగారు ఈగలు తోలుకుంటున్నారు. మమ్మల్ని చూసి ముందు క్యాలెండర్ వైపు చూశారు, తర్వాత మా వైపు చూశారు.

"ఏమ్మా, మీకు ఇంకా నీసు లేదుగా" అన్నారు.

మసాలాకి నీసు ఉండదు శెట్టిగారూ అని ఆరోగ్యమ్మ అరుగు మీద కూర్చుంది. ముందున్న డబ్బాల్లోది వద్దు, వెనక బస్తా విప్పమంది. లవంగం తీసి తలకాయ ఉందో లేదో చూసి, గోరుతో నొక్కి, గోటికి తడి తగిలితేనే పక్కన పెట్టింది. ధనియాలు అరచేతిలో నలిపి వాసన చూసింది. గసగసాలు నాలుగు పళ్ళ మధ్య వేసుకుంటే ఇసుక కరకరలాడింది, ఇంకో బస్తా విప్పించింది. దాల్చిన చెక్క పొడుగు ముక్కలు అందంగా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, ధర కూడా అంత అందంగానే ఉంది. ఆమె బస్తా అడుగున చేరిన విరిగిన ముక్కలు అడిగింది. అవి ఎవరూ కొనరు కాబట్టి చవక.

"చెక్క విరిగితే వాసన కూడా విరుగుద్దా?" అని నా చెవిలో అంది.

యాలకులు కాస్తే కొంది, అవి మన తాహతు సరుకు కాదని. చివరికి మిరియాల దగ్గర చెంబు మూత విప్పింది. గుప్పెడు తీసి నీళ్ళలో వేసింది. సగం తేలాయి, బొప్పాయి గింజలే. తేలినవాటిని వేళ్ళతో తీసి శెట్టిగారి తక్కెడ పక్కన కుప్ప పోసింది. 

శెట్టిగారు ఆ కుప్పని చూశారు, వీధిలోకి చూశారు. "నువ్వు మసాలా కొంటానికొచ్చావా, నాకు పరీక్ష పెట్టటానికొచ్చావా?" అన్నారు. అయితే ఆ రోజుకి ఇంకో బేరం వచ్చేటట్టు లేదు. లోపలికి వెళ్ళి చిన్న సంచి తెచ్చారు. అందులోవి చెంబులో వేస్తే గులకరాళ్ళలా మునిగాయి. పున్నయ్య ఇచ్చిన డబ్బుకి అన్నీ వచ్చాయి. వేటికవి గుడ్డ ముక్కల్లో మూటలు కట్టి సంచిలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో ఆ సంచి ఆమె ఒళ్ళో ఉంది. మాచర్ల దాటకముందే బస్సంతా లవంగాలు, చెక్క వాసన. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి ఎవరింట్లో పెళ్ళి అని అడిగాడు. ఆరోగ్యమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ముసిముసిగా నవ్వుకుంది. ఆమె అంత హాయిగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. బరువు కోసం కొట్లవాళ్ళు మసాలా మీద నీళ్ళు చిలకరిస్తారు, ఆరబెట్టకపోతే పండుగ నాటికి బూజు పడుతుంది. అందుకని మర్నాడు ఆమె నులక మంచం మీద పంచె పరిచి అన్నిటినీ ఎండలో పోసింది. పాలెం మీదికి పడమటి గాలి తోలుతోంది. ఎండకి లవంగాలు వేడెక్కాయి.

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు, పాలెంలో ప్రతి ముక్కుకీ వాసన అందింది, ఏ నోటికీ ముక్క అందలేదు. పక్కింట్లో పున్నయ్య గోంగూర కలుపుకుని కూర్చున్నవాడు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడట. మధ్యాహ్నానికి ఆరోగ్యమ్మ ఇంట్లో కోడి కోశారన్నారు. సాయంత్రానికి అది పొట్టేలైంది. కోడి ఈకలు చూశామన్నవాళ్ళు కూడా పొట్టేలుకి ఒప్పుకున్నారు.

శుక్రవారం స్వాములవారు సైకిలు మీద వచ్చారు, సిలువ బాట జరిపించడానికి. ఆయనది మలయాళ దేశం. మా గోంగూర తిని, మా మిరప కారం తిని కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే రెండేళ్ళు గడిపిన మంచి మనిషి. ప్రార్థన అయిపోగానే పున్నయ్య లేచి ఫిర్యాదు చేశాడు. తపసు రోజుల్లో ఇంట్లో మసాలా పెట్టుకోవడం తప్పా కాదా అన్నది మొదటి ప్రశ్న. దాని వాసన పీలిస్తే ఉపవాసం చెడుతుందా చెడదా అన్నది రెండోది. తాను మాత్రం నిన్న మనసులో తొడ ముక్క తిన్నానని, అది ఎవరి ఖాతాలో పడుతుందో తేల్చమని అడిగాడు.

సంచి తెమ్మన్నారు స్వాములవారు. ఆరోగ్యమ్మ తెచ్చి ఆయన ముందు పెట్టి, ఎందుకు ముందుగా కొన్నదో, ఎంత చవగ్గా కొన్నదో చెప్పింది.  ఆయన మిరియాల మూట విప్పి నాలుగు గింజలు తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. ప్రార్థన చేసుకుంటున్నారేమోనని మేం కూడా తలలు వంచాం.

"మసాలా మాంసం కాదు" అన్నారు కళ్ళు తెరిచి. "వాసన పీల్చడం పాపం కాదు. వాసన పీల్చి పక్కింటివాళ్ళు పొట్టేలు కోశారని చెప్పడం పాపం."

పున్నయ్య ఊరుకోలేదు. ఆ సంచి ఇళ్ళ మధ్య ఉన్నంతకాలం మా ఆత్మలకి జామీను ఎవరన్నాడు. మిగతావాళ్ళు కూడా గొణిగారు. చివరికి స్వాములవారు ఒక తీర్పు చెప్పారు. పాస్కా దాకా సంచి గుళ్ళో, పూజ వస్త్రాలు ఉండే గదిలో, పెట్టె మీద ఉంటుంది. దేవుడి కాపలాలో ఉన్నదానికి ఎవరూ వంక పెట్టలేరు. తాళం చెవి ఉపదేశి అంతోని దగ్గర ఉంటుంది.

ఈ తీర్పు చెప్పిన మనిషి ఆ గది కిటికీ వైపు ఒకసారి చూసి ఉంటే బాగుండేది. ఆ కిటికీకి ఒక చెక్క ఊడిపోయి చాలా కాలమైంది. పెట్టె సరిగ్గా దాని కిందే ఉంటుంది.

ఆ ఏడు తపసు కాలంలో పెరిగినంత భక్తి మా పాలెంలో నేను మళ్ళీ చూడలేదు. గుడి నిండా లవంగాల వాసన. సాంబ్రాణి దాని ముందు నిలవలేకపోయింది. స్వాములవారు ఊదా వస్త్రం వేసుకుని పీఠం మీదికి వస్తే పెళ్ళి విందు నడిచి వస్తున్నట్టుండేది. అంతకుముందు శుక్రవారం వస్తే పొలం గట్టు పని గుర్తొచ్చే మగవాళ్ళు కూడా సిలువ బాటకి ముందు వరసలో మోకరించారు. మధ్యాహ్నాలు ఎవరో ఒకరు గుడి వెనక నీడలో ఒంటరిగా ప్రార్థన చేసుకుంటూ కనపడేవారు. గుడి వెనకే ఎందుకో ఎవరూ అడగలేదు.

ఆ రోజుల్లోనే పాలెంలో పళ్ళ నొప్పులు మొదలయ్యాయి. నలుగురు కూర్చుంటే ముగ్గురి బుగ్గన లవంగం. ఎక్కడిదంటే ఇంట్లో పాతదన్నారు. పొడి దగ్గులు వచ్చాయి, దగ్గుకి మిరియాల కషాయం కాచుకున్నారు. స్వాములవారికి కూడా ఒక వారం దవడ వాచింది. పాపం, మరుసటి వారానికి తగ్గింది.

మట్టల ఆదివారం పూజ అయ్యాక ఆరోగ్యమ్మ తన సంచి ఒకసారి చూసుకుంటానని అడిగింది. అంతోని తలుపు తీశాడు. సంచి పెట్టె మీదే ఉంది, దూడ పాలు తాగేసిన పొదుగులా వడిలిపోయి. లవంగాల మూటలో మూడో వంతు లేదు. మిరియాలు సగానికి వచ్చాయి. చెక్క మూట అడుగున నాలుగు ముక్కలు. యాలకుల మూట ఉంది, యాలకులు లేవు.

ఆమె అరవలేదు. అది మంచిది కాదని నాకు తెలుసు. తిన్నగా బావి దగ్గరికి నడిచింది. అక్కడ గ్రేసమ్మ నీళ్ళు తోడుతోంది. రోజూ ఆ గది ఊడ్చేది ఆమే, తాళం చెవి ఉన్నది ఆమె ఇంట్లోనే. ఇంకా సాక్ష్యం ఎందుకు అనుకుంది ఆరోగ్యమ్మ.

"నీ పేరు నువ్వొక్కదానివే మొయ్యలేక నాక్కూడా అంటిద్దామనుకున్నావటే, బొప్పాయీ?" అంది, అందరూ వింటుండగా.

గ్రేసమ్మ చేద పైకి లాగింది. బిందెలో పోసుకుంది.  ఒక్క మాట తిరిగి అనకుండా బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. తిట్టుకి తిట్టు రాకపోతే మా పాలెంలో తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చప్పున తలలూపారు. అంత చప్పున ఎందుకు ఊపారో నాకు తర్వాత తెలిసింది.

ఆరోగ్యమ్మ స్వాములవారి దగ్గరికి వెళ్ళి ఏడ్చింది. మళ్ళీ కొనడానికి డబ్బు లేదు, ఉన్నా పండుగ వారంలో శెట్టి కొట్లో దొరికేది చెత్తే. ఈ సగం సంచితో పాలెం మొత్తానికి కూర చేస్తే నీళ్ళల్లో ఉడకబెట్టినట్టు ఉంటుంది. ఆయన విని, గురువారం అందరూ తన చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాలు ఉన్నాయి కదా, అప్పటిదాకా ఓపిక పట్టమన్నారు. ఆ సాయంత్రం ప్రసంగంలో మాత్రం, దేవుడి ఇంట్లో చేయి పెట్టినవాళ్ళ గురించి రెండు మాటలు అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ముందు వరస మొత్తం బుగ్గలు తడుముకుంది.

గురువారం పాపసంకీర్తనానికి వరస గుడి దాటి రోడ్డు దాకా వచ్చింది. ఒక్కొక్కరూ లోపలికి తల వంచుకుని వెళ్ళారు, ఇంకా వంచుకుని వచ్చారు. చివర్లో స్వాములవారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో మాకు తెలియలేదు. దొంగ ఎవరో చెప్పమని ఆరోగ్యమ్మ అడిగింది.

"పాపసంకీర్తనంలో విన్నది నాతోపాటే మట్టిలోకి పోవాలి, ఆరోగ్యమ్మా. అది చెప్పలేను" అన్నారు. "కానీ తీసుకున్నది తిరిగి పెట్టనిదే పాపం తీరదు. అది చెప్పగలను."

శనివారం నేను మాచర్ల వెళ్ళాను. ఉప్పు కోసం. మీరు నమ్మినా నమ్మకపోయినా ఉప్పు కోసమే. బస్సులో మా పాలెం వాళ్ళు చాలామంది ఉన్నారు, అందరికీ మాచర్లలో వేరువేరు పనులు. తీరా చెన్నకేశవులు శెట్టి కొట్టు దగ్గరికి వెళితే అన్ని పనులూ అక్కడే కలిశాయి. ఒకరినొకరు చూసుకోకుండా, ఒకరి భుజాన్ని ఒకరు తోసుకుంటూ చిటికెడు లవంగాలు, పిడికెడు మిరియాలు, ఒక చెక్క ముక్క. పున్నయ్య మిరియాలు కొంటూ, కుక్కకి దగ్గొచ్చిందని నేను అడగకుండానే నాతో చెప్పాడు. ఆయనకి కుక్క లేదు.

శెట్టిగారు పండుగ ధర చెప్పారు. ఎవరూ బేరమాడలేదు. గోరుతో నొక్కలేదు, నీళ్ళలో వేయలేదు, ముక్కు దగ్గర కూడా పెట్టుకోలేదు. ఎలాగైనా పొట్లం చేతిలో పడితే చాలన్నట్టు పట్టుకుని బయటపడ్డారు. దొంగతనానికి ఎంచి ఎంచి మంచివి తీసుకున్న చేతులే, తిరిగి పెట్టేటప్పుడు కళ్ళు మూసుకున్నాయి.

తిరుగు బస్సులో దాదాపు ప్రతి ఒళ్ళోనూ మసాలా పొట్లం ఉంది. బస్సులో డీజిలు వాసన తప్ప ఇంకేమీ లేదు.

పాస్కా తెల్లవారింది. పందిరి పక్కన పొయ్యిరాళ్ళు పెట్టారు, పొట్టేళ్ళు కోశారు. అంతోని గది తలుపు తీశాడు. పెట్టె మీద సంచి నిండుగా, కొన్నరోజు కన్నా లావుగా, మూతి బిగుసుకుని కూర్చుంది. ఆరోగ్యమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని పొయ్యి దగ్గరికి తెచ్చింది. దారి పొడుగునా దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంది.

మూటలు విప్పింది. ఆమె మొహంలో నవ్వు ఆరిపోవడం నా కళ్ళారా చూశాను. పొట్లాల కాగితం కనపడితే దొరికిపోతామని అందరూ కాగితం విప్పి మూటల్లో గుమ్మరించారు. చీకటో భయమో, మిరియాలు ధనియాల్లో పడ్డాయి, లవంగాలు గసగసాల్లో పడ్డాయి. అసలు సరుకు, శెట్టి చెత్త కలిసిపోయాయి. చెక్కల్లో ఏదో కంచె చెట్టు బెరడు కూడా ఉంది. విడిగా ఉన్నది ఒకటే, తెల్ల రుమాలు ముక్కలో కట్టిన పిడికెడు మిరియాలు. ఒక్కొక్కటి శనగగింజంత లావు, నల్లగా నిగనిగలాడుతున్నాయి. అలాంటివి మాచర్లలో పుట్టవు. మలయాళ దేశంలో పెరట్లో పాకుతాయట. వాచిన దవడ ఎవరిదో అప్పుడు మాకు గుర్తొచ్చింది. దానికి లెంపలేసుకున్నాం తప్ప పైకి ఏమీ అనలేదు.

ఆరోగ్యమ్మ చెంబులో నీళ్ళు పోసి మిరియాల మూటలోవి ఒక గుప్పెడు వేసింది. నల్లగా తేలాయి. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. పూజ గంట మోగింది. పూజ అయితే జనం, జనం వస్తే విస్తళ్ళు.

"అయిపోయిందే, ఫిలోమినా" అంది. 

అప్పుడు గుళ్ళోంచి చీపురు పట్టుకుని గ్రేసమ్మ వచ్చింది. సంచి చూసింది, చెంబు చూసింది. చీపురు పక్కన పెట్టి, చేట దగ్గరికి లాక్కుని, మిరియాల మూట దాంట్లో పోసి కూర్చుంది. వేళ్ళు గింజల మధ్య తిరగడం మొదలుపెట్టాయి. తీసింది తీసినట్టు పక్కన పళ్ళెంలో వేస్తోంది. అంత వేగంగా ఎలా తెలుస్తోందని నేను అడిగాను.

"ఇవి కోడిగుడ్డు మాదిరి కోలగా ఉంటయ్. మిరియం గుండ్రంగా ఉంటది" అంది. "ఏడాదినుంచి కల్లోకొస్తన్నయ్. వీటి మొహం నాకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తది?"

ఆరోగ్యమ్మ ఆమె చేతుల్నే చూస్తోంది. నాకు ఆగలేదు. నిన్న మాచర్ల బస్సులో పాలెం మొత్తం ఉంది, గ్రేసమ్మ ఒక్కతి లేదు, పొద్దుటినుంచి వాగు దగ్గర పీఠం గుడ్డలు ఉతుకుతూ ఉంది అని చెప్పేశాను. పాలెంలో ఆ సంచి ఉన్న గదిలోకి రోజూ వెళ్ళింది ఆమె ఒక్కతే, చేయి పెట్టనిది కూడా ఆమె ఒక్కతే.

ఆరోగ్యమ్మ మొహం ఎర్రబడింది. చేటకి అటువైపు వచ్చి కూర్చుంది.

"వదినా, లవంగాలు నేను ఏరతాను. చెక్క నువ్వు చూడు" అంది.

అంతే. మా పాలెంలో క్షమాపణ అంతకన్నా పొడుగు ఉండదు. గ్రేసమ్మ తల ఎత్తకుండా చేట కొంచెం ఆమె వైపు జరిపింది.

ముగ్గురం కలిసి ఏరాం, కడిగాం, వేడి పెనం మీద ఆరబెట్టాం. మంచిది సగానికి కాస్త ఎక్కువ మిగిలింది. దానికి ఆ రుమాలు మిరియాలు కలిపాం. చెత్త కలిపి నూరితే రెట్టింపు అయ్యేది, కానీ గ్రేసమ్మ ఒప్పుకోలేదు. పోయినేడు తను చేసింది సరిగ్గా అదేనని, కొలత తగ్గినా మంచిదే వెయ్యాలని అంది. రోట్లో నూరుతుంటే వాసన లేచింది. పూజలో ఆఖరి పాట సగం నుంచి వేగం అందుకుంది. స్వాములవారి ఆశీర్వాదం పూర్తయ్యేలోపే మగవాళ్ళు పందిట్లో ఉన్నారు.

కూర ఉడికి దిగింది, విస్తళ్ళు పడ్డాయి. కూర బాల్టీ గ్రేసమ్మ చేతికి ఇచ్చింది ఆరోగ్యమ్మ. అది పండుగ వంతు ఇల్లాలు పట్టుకోవాల్సిన బాల్టీ. కొందరు మొహమొహాలు చూసుకున్నారు, కానీ కూర వాసన తగలగానే విస్తళ్ళు సర్దుకున్నారు. గ్రేసమ్మ వరస వెంట వడ్డించుకుంటూ వెళుతోంది. ఆమె వెనకే ఆరోగ్యమ్మ ఏరిన చెత్త పళ్ళెం పట్టుకుని బయల్దేరింది. ప్రతి విస్తరి ముందూ ఆగింది.

"మిరియాలు ఇంకాసిని వెయ్యమంటావా, మావా?" అని పున్నయ్యని మర్యాదగా అడిగింది.

పున్నయ్య పళ్ళెంలోకి చూశాడు. కుక్క దగ్గుకి కొన్న గింజల్ని గుర్తుపట్టాడు. వద్దమ్మా అన్నాడు. పక్కనున్నవాళ్ళు అడగకముందే వద్దన్నారు. వరస చివరిదాకా వద్దు, వద్దు, వద్దు. నా విస్తరి దగ్గర కూడా ఆగింది మహాతల్లి. చివర్లో స్వాములవారికి పొరబోయింది, నీళ్ళు తాగినా దగ్గు తగ్గలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ రోజు ఎవరి పిడికెడు వాళ్ళకి పళ్ళెంలో కనపడింది.

తర్వాత అందరూ తలలు వంచుకుని తిన్నారు. కూర ఎలా ఉందంటే, ఎవరూ ఎలా ఉందని అనలేదు. నమిలే చప్పుడు తప్ప పందిట్లో ఏమీ లేదు. రెండో వడ్డనకి గ్రేసమ్మ మళ్ళీ బయల్దేరింది. పున్నయ్య విస్తరి అప్పటికే అద్దంలా ఉంది. చేయి ఎత్తి పిలిచాడు.

"ఏమే బొప్పా..."

ఎదురుగా, గ్రేసమ్మ భుజం వెనక, పళ్ళెం పట్టుకుని ఆరోగ్యమ్మ నిలబడి ఉంది. పున్నయ్య గొంతులో మిగతా మాట అక్కడే ఆగిపోయింది. మింగాడు.

"గ్రేసమ్మా" అన్నాడు. "ఇంకాస్త కూర వెయ్యమ్మా."

గ్రేసమ్మ చేతిలో గరిటె ఆగింది. ఏడాది తర్వాత ఆమె పేరు ఆమెకి వినపడింది. బాల్టీలోకి వంగి, వెతికి వెతికి, అతని విస్తట్లో మూలుగ ఎముక వేసింది.